అప్పగించిన నిర్ణయాన్ని మళ్లీ నా చేతిలోకే తీసుకుంటున్నాను

ఉద్యోగం మారాలా వద్దా అన్న విషయాన్ని దేవుని చిత్తానికి అప్పగిస్తున్నానని నాలుగు నెలలుగా ప్రతి ఉదయం ఐదున్నరకు ప్రార్థిస్తున్నాను. ఆ తర్వాత రెండు గంటల పాటు మనస్సు నెమ్మదిగానే ఉంటుంది. మధ్యాహ్నానికల్లా జీతమూ పిల్లల చదువూ లెక్క వేసుకుంటూ, ఆ నిర్ణయాన్ని నేనే తిరిగి లాక్కుంటున్నాను.

మూడు శుక్రవారాలు ఉపవాసముండి ప్రార్థించాను. బైబిలులో రోమా 12:1లోని సజీవయాగమనే మాటను, అంటే బ్రతికుండగానే తన్ను తాను దేవునికి అర్పించుకోవడాన్ని, వారం రోజులు ధ్యానించాను. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు తన కోరికను తండ్రికి దాచకుండా చెప్పి మరీ ఆయన చిత్తానికి లోబడ్డాడని లూకా 22:42లో గమనించాక, నేనూ నా కోరికను దాచకుండా చెప్పడం మొదలుపెట్టాను. మిగిలినవాటికంటే ఇదే మేలు చేసింది గాని, ఆ నెమ్మది మూడు రోజులకు మించి నిలవలేదు. ఇంకా విశ్వాసముంచమని మా సంఘ కాపరి చెప్పారు. మాట సరైనదే, కానీ మధ్యాహ్నం పూట ఏం చేయాలో అందులో లేదు.

గోపురం కట్టగోరినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువే అన్నాడు గనుక (లూకా 14:28), లెక్క వేయడమే అవిధేయత అని అనుకోలేకపోతున్నాను.

ఈ స్థితిని దాటినవారిని అడుగుతున్నాను: బాధ్యతగా ఆలోచించడం ఎక్కడ ఆగి, దేవుని అధికారాన్ని కాదనడం ఎక్కడ మొదలవుతుందో మీరు దేనిని బట్టి గుర్తించారు?