తెల్ల లినెన్ చొక్కా: కౌంటు, గంజి, కాలరు పసుపు – తెలిసినవాళ్లు చెప్పండి

అమీర్‌పేట_అబ్బాయి:
రెండు తెల్ల లినెన్ చొక్కాలు కుట్టించాలి, ఫుల్ హ్యాండ్స్. ఎన్ని లీ (లినెన్ దారం ఎంత సన్నమో చెప్పే కౌంటు) గుడ్డ తీసుకోవాలి? గంజి పెట్టొచ్చా? కాలరు పసుపెక్కకుండా ఏం చేయాలి? కింద ఏ రంగు ప్యాంటు బాగుంటుంది?

జనరల్‌బజార్_దర్జీ:
కౌంటు తర్వాత సంగతి తమ్మీ, ముందు గుడ్డ తడుపు. 58 అంగుళాల పన్నాకు 1.60 మీటర్లు సరిపోతది, 44 అయితే 2.25 కావాలె. తడిపితే ష్రింక్ అయితది కాబట్టి ఇంకో 10 సెంటీమీటర్లు ఎక్కువ కోయించు. రాత్రంతా గోరువెచ్చని నీళ్లల్ల నానబెట్టి, పిండకుండ నీడకు ఆరేసి, చెమ్మ ఉండంగనే ఇస్త్రీ చేసి కుట్టనియ్యి. పాలియెస్టర్ దారం వద్దను. గుడ్డ ష్రింక్ అయినా అది కాదు, కుట్టు పొడుగునా ముడతలొస్తయి. కాలరుకు అతికించే బక్రం (లోపల వేసే గట్టి గుడ్డ) అసలే వద్దు. వేడికి జిగురు వదిలి బుడగలు లేస్తయి. కుట్టుబక్రం వెయ్యమను, కూలి ఎక్కువైనా సరే.

పొందూరు_పిల్ల:
అసలు లినెనే ఎందుకండీ? దాన్ని నేసే అవిసె నార ఫ్రాన్స్, బెల్జియంల నుంచి రావాలి. మా శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి, 100 కౌంటు నూలు చేత్తో వడుకుతారు. మే నెల ఎండలో దానికి మించిన తెల్లబట్ట ఉందా? 60 లీ అని గొప్పగా అమ్ముతారు గానీ 100 ముందు 60 ఎంత?

నార_లెక్క:
పొందూరు ఖద్దరు గొప్పదే, ఎవరూ కాదనరు. కానీ ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టకండి. నూలు కౌంటంటే పౌను బరువుకి 840 గజాల చిలపలు (దారపు చుట్టలు) ఎన్ని వచ్చాయని. లినెన్ లీకి చిలప 300 గజాలే. 60 లీ దారం నూలు లెక్కలో దాదాపు 21 కౌంటు. రెండూ వేరే కొలతలు, వేరే నారలు. లినెన్ చెమటను ఎక్కువ పీలుస్తుంది, త్వరగా ఆరుతుంది, ఒంటికి అంటుకోదు. అదీ దాని బలం.

చొక్కాకి 60 లీ తీసుకోండి. 25, 40 లీ ప్యాంటుకీ కోటుకీ నయం. 80 దాటితే తెల్లగుడ్డలోంచి ఒళ్లు కనబడుతుంది. లోపల తెల్ల బనియను వేస్తే దాని అంచు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఒంటిరంగుకి దగ్గరది గానీ లేత బూడిద రంగుది గానీ వేయాలి.

కోఠి_కాక:
కొనేటప్పుడు ఒక పోగు గుంజి అగ్గిపుల్లతో కాల్చి చూడున్రి. కాగితం కాలిన వాసనొస్తె అసలు లినెన్.

నార_లెక్క:
తప్పు. నూలు కాలినా అదే వాసన. మంటతో తెలిసేది పాలియెస్టర్ కలిపారా లేదా అన్నదే, కలిపితే చివర గట్టి పూసలా ముద్ద కడుతుంది. లినెనో నూలో తేలాలంటే పోగుని మెల్లగా లాగి తెంపండి. నూలు కొస కుచ్చులా విచ్చుకుంటుంది, లినెన్ కొస సూటిగా, మొనదేలి ఉంటుంది.

కోఠి_కాక:
సరే, గది ఒప్పుకుంట. గంజి సంగతి మాత్రం నన్నడుగున్రి. గంజి లేని తెల్లచొక్కా పొద్దున తొడిగితే పదింటికే నలిగిపోతది. ఒక గ్లాసు గంజి వడగట్టి ఆరు గ్లాసుల నీళ్లల్ల కలుపు, ముంచు, దులిపి ఆరెయ్యి.

నార_లెక్క:
లినెన్‌కి గంజి వద్దేవద్దు. నార మిల్లులో క్వాలిటీ చూసినవాణ్ణి, ఊరికే చెప్పట్లేదు. ఆ నారకి సాగే గుణం తక్కువ, మడిచినచోటే మళ్లీ మళ్లీ మడిస్తే తెగుతుంది. గంజితో బిగుసుకుంటే కాలరు మడత, కఫ్ అంచు ముందు చిరుగుతాయి. పైగా గాలాడే సందులన్నీ పూడుకుపోతాయి. ఇక లినెన్ కొనడం దేనికి?

కోఠి_కాక:
మిల్లుల చూసుడు వేరు, రోజూ ఉతుకుడు వేరు సార్! గంజి ఉంటే మురికి దాని మీదనే ఆగుతది, ఉతికితే గంజితోని పోతది. లేకుంటే నారలకు దిగుతది. దీనికి జవాబు చెప్పున్రి ముందు.

నార_లెక్క:
ఆ మాట నిజమే, కాదనను. కానీ దానికోసం చొక్కా మొత్తం అట్టముక్క చేయాలా?

గచ్చిబౌలి_గీత:
ఇద్దరూ కాస్త ఆగండి. కాలరుకీ కఫ్‌లకీ మాత్రం పలచగా పెడితే సరిపోతుంది. బీరువాలో నెలల తరబడి దాచేవాటికి అసలు పెట్టొద్దు, గంజికి సిల్వర్‌ఫిష్ పురుగులు చేరి కొరుకుతాయి.

పసుపు గురించి ఎవరూ చెప్పలేదు. క్లోరిన్ బ్లీచ్ పోయకండి. చెమట మరక దానితో ఇంకా ముదురుతుంది, నార కూడా బలం కోల్పోతుంది. చంకల కింద మరకకి కారణం చెమట ఒక్కటే కాదు, చెమట ఆపే రోలాన్లలోని అల్యూమినియం లవణాలు కూడా. కాలరు మీద గిన్నెలు తోమే లిక్విడ్ రాసి పావుగంట ఉంచండి, జిడ్డు వదులుతుంది. తర్వాత 10 లీటర్ల వేడినీళ్లలో (చెయ్యి పెట్టగలిగేంత వేడి) రెండు పెద్ద చెంచాల సోడియం పర్‌కార్బొనేట్ (ఆక్సిజన్ బ్లీచ్ పొడి) కరిగించి మూడు నాలుగు గంటలు నానబెట్టండి. ఆ నీళ్లు సీసాలో మూతపెట్టి దాచొద్దు, గ్యాస్ పుట్టి పగులుతుంది.

నీళ్లు కూడా చూసుకోండి. బోరు నీళ్లలో ఉతికితే సబ్బు గార పేరుకుని తెలుపు బూడిద రంగుకి తిరుగుతుంది. ఆఖరి జాడింపైనా మంజీరా, కృష్ణా నల్లా నీళ్లతో చేయండి. ఇనుప మరక పడితే నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి కడగండి. నీలిమందు ముందు నీళ్లలో కలిపాకే బట్ట ముంచాలి, నేరుగా పడితే మచ్చ పోవడం కష్టం.

పొందూరు_పిల్ల:
ఇంత చాకిరీ ఖద్దరుకి ఉండదు!

జనరల్‌బజార్_దర్జీ:
ఖద్దరుకు చెమట పట్టదా అమ్మా? బోరు నీళ్లు దానికి మాత్రం మంచిగుంటయా? తెల్లబట్ట ఏదైనా ఇదే పని.

అమీర్‌పేట_అబ్బాయి:
ప్యాంటు రంగు?

గచ్చిబౌలి_గీత:
ముదురు నీలం, ఖాకీ, ఆలివ్, ఏదైనా. తెలుపు మీద తెలుపు వేస్తే మాత్రం రెండూ పగటి వెలుగులో పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి నీలిఛాయ తెలుపు, ఇంకొకటి పాలతెలుపు అయితే రెండోది మాసినట్టు కనబడుతుంది.

తార్నాక_తెలుపు:
ఇస్త్రీ సంగతి అందరూ వదిలేశారు. బొగ్గు పెట్టెతో చేసే బండి దగ్గర తెల్ల లినెన్ ఇస్తే బూడిద రాలే ప్రమాదం ఉంది, గ్యాస్ పెట్టె నయం. చెమ్మ ఉండగానే, తిరగేసి, పెట్టె వేడి పూర్తిగా పెంచి చేయాలి. ఎండిపోయాక నీళ్లు చిలకరిస్తే అక్కడక్కడా ముడత మిగులుతుంది. చేతుల మీద గీత పడనివ్వొద్దు.

అన్నా దర్జీ గారూ, ముత్యపు చిప్ప గుండీలు మెషీన్‌లో నిలుస్తాయా?

జనరల్‌బజార్_దర్జీ:
నిలుస్తయి గని అంచులు పెచ్చులూడుతయి. గుండీలు పెట్టి, చొక్కా తిరగేసి, వలసంచిల వేసి తిప్పాలె. కుట్టేటప్పుడు గుండీ కింద 2 మిల్లీమీటర్ల సందు ఉంచి, ఆ కుట్టు చుట్టూ కాడలెక్క దారం చుట్టమను. గుడ్డకు ఆనిచ్చి కుడితే కాజాల ఇరుక్కుని పట్టీ గుంజుతది.