ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్ స్థానంలో ఏది వాడాలి: డేట్ ఫంక్షనా, ఇంటల్ ఫార్మాటరా?

కొత్తబాట:
చాలా ఏళ్ల కిందటి పీహెచ్‌పీ (వెబ్‌సైట్లు రాసే ప్రోగ్రామింగ్ భాష) ప్రాజెక్టు ఒకటి నా చేతికి వచ్చింది. అందులో తేదీలన్నీ, తేదీని కావలసిన రూపంలో చూపించే ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్ ఫంక్షన్‌తో రాసి ఉన్నాయి. 8.1 వెర్షన్‌లో ఆ ఫంక్షన్‌ను డెప్రికేట్ చేశారు (ఇక వాడొద్దన్నారు) కాబట్టి లాగ్ నిండా హెచ్చరికలే. పైగా కొత్త సర్వర్‌లో తెలుగు లొకేల్ (భాషా అమరిక) లేకపోవడంతో నెలల పేర్లు ఇంగ్లీషులో పడుతున్నాయి. తెలుగు, ఇంగ్లీషు రెండూ కావాలి. పీహెచ్‌పీలోనే ఉన్న డేట్ ఫంక్షన్‌కు మారమంటారా, ఇంటల్ అనే ఎక్స్‌టెన్షన్ (విడిగా జోడించే భాగం) ఇచ్చే డేట్‌ఫార్మాటర్‌కు మారమంటారా?

పాతకోడు:
డేట్ ఫంక్షన్ చాలు. అది ఇంగ్లీషు పేర్లే ఇస్తుందన్నది నిజమే కానీ, పన్నెండు తెలుగు పేర్లను ఒక అర్రేలో (వరుస జాబితాలో) రాసుకుని, డేట్‌కు చిన్న ఎన్ అక్షరం రాస్తే వచ్చే నెల సంఖ్యలోంచి, అర్రే లెక్క సున్నాతో మొదలవుతుంది కాబట్టి, ఒకటి తీసేసి వెతుక్కుంటే పని అయిపోతుంది. పన్నెండు మాటల కోసం ఒక ఎక్స్‌టెన్షన్‌ను మోయనక్కరలేదు.

అర్ధరాత్రిషిఫ్టు:
భాష అంటే పేర్ల పట్టిక కాదండీ. రష్యన్‌లో జనవరి ఒంటరిగా ఉంటే ‘యన్వార్’, పక్కన రోజు ఉంటే ‘యన్వార్యా’. ఇంటల్ డేట్‌ఫార్మాటర్‌లో పెద్ద ఎమ్, పెద్ద ఎల్ అని రెండు వేర్వేరు అక్షరాలు ఉన్నది ఈ తేడా కోసమే. రేపు మూడో భాష అడిగితే మీ అర్రే ఏం చేస్తుంది?

పాతకోడు:
అడిగినవారు రష్యన్ అడగలేదు. మీ ఫార్మాటర్ సంగతి నాకు అనుభవమే. డేట్‌లో పెద్ద వై అంటే మామూలు సంవత్సరం, ఫార్మాటర్‌లో పెద్ద వై అంటే వారాల లెక్కన వచ్చే సంవత్సరం, అంటే ఆ వారం ఏ ఏడాది కిందికి వస్తే ఆ ఏడాది. మా సహోద్యోగి ఒకరు పెద్ద వై నాలుగుసార్లు రాశారు. ఏడాదంతా బిల్లులు సవ్యంగానే వచ్చాయి. 2025 డిసెంబరు 29, సోమవారం నాడు మాత్రం ప్రతి బిల్లు మీదా 2026 అని పడింది. తిట్లు తిన్నది నేను.

చుక్కగుర్తు:
డేట్‌లోనూ చిన్న ఓ రాస్తే వారాల లెక్క సంవత్సరమే వస్తుంది. అందులో ఫార్మాటర్‌ను ప్రత్యేకంగా తప్పుపట్టడానికి ఏమీ లేదు.

రెండోకన్ను:
డేట్‌లో నిమిషాలకు చిన్న ఐ అని మరిచిపోయి, గంటల పక్కన చిన్న ఎమ్ రాసిన పేజీ ఒకటి మాకుండేది. మే నెలంతా ఏ సమయం చూసినా గంట దాటి ఐదు నిమిషాలే. జూన్ ఒకటిన అన్నీ ఆరు నిమిషాలయ్యేదాకా ఎవరికీ అనుమానం రాలేదు.

అర్ధరాత్రిషిఫ్టు:
పాతకోడు గారూ, ‘ఇది చాలు’ అనే మీ ధోరణి ఎక్కడికి తీసుకుపోతుందో నేను చూశాను. అలా అనుకున్న ఒకరు వదిలివెళ్లిన డేటాబేస్‌లో తేదీలన్నీ వట్టి అక్షరాలు: కొన్ని 05/04/2019, కొన్ని 05-04-2019. అక్షరాలను తేదీగా చదివే ఎస్‌టీఆర్‌టుటైమ్ ఫంక్షన్ వాలుగీత చూస్తే నెల ముందనుకుని మే 4 అంటుంది, అడ్డగీత చూస్తే రోజు ముందనుకుని ఏప్రిల్ 5 అంటుంది. వాటిని సరిచేయడానికి నాకు మూడు నెలలు పట్టింది.

పాతకోడు:
తేదీని అక్షరాలుగా దాచమని నేనెక్కడ అన్నాను? ఎవరో చేసిన పాపాన్ని నా నెత్తిన రుద్దకండి. నా బాధ వేరు. సర్వర్‌లో ఫార్మాటర్ ఆధారపడే ఐసీయూ లైబ్రరీ 72వ వెర్షన్‌కు మారగానే, ఇంగ్లీషు సమయంలో పీఎం ముందుండే మామూలు ఖాళీ పోయి యూనికోడ్ 202ఎఫ్ అనే సన్నని ఖాళీ వచ్చి కూర్చుంది. కంటికి తేడా తెలియదు. మా ఫైలును చదివే అవతలి ప్రోగ్రాం మాత్రం ప్రతి వరుసనూ తిప్పికొట్టింది. నేను ముట్టుకోని కోడుకు మూడు రోజులు నేను సంజాయిషీ చెప్పుకున్నాను.

అర్ధరాత్రిషిఫ్టు:
ప్రోగ్రాం చదివే ఫైలులో పీఎం ఎందుకుంది? దానికి, తేదీని ఎప్పుడూ ఒకే రూపంలో రాసే డేట్_ఆటమ్ అనే స్థిరాంకం ఉంది కదా! నేను ఇంతసేపూ మాట్లాడుతున్నది మనుషులు చదివే పేజీ గురించి.

పాతకోడు:
ఆ ఫైలును మనుషులూ తెరుస్తారు కాబట్టి అలా రాశాం. అయినా అసలు విషయం అది కాదు. నేను రాసిన పేజీలో ఏ అక్షరం పడాలో, నాకు చెప్పకుండా మారిపోయే లైబ్రరీ ఒకటి నిర్ణయించడం నాకు సమ్మతం కాదు. పేజీలోనైనా, ఫైలులోనైనా.

అర్ధరాత్రిషిఫ్టు:
ఆ మాట మొదటే అని ఉంటే రష్యన్ దాకా వెళ్లేవాణ్ణి కాదు. నాకు రాని భాషలో తేదీ ఎలా రాయాలో నా అంతట నేను తేల్చడం కంటే, ఆ భాష తెలిసినవారు కూర్చిన సమాచారం అప్పుడప్పుడూ మారినా దాన్నే నమ్ముతాను. ఇక్కడ మనకు కుదరదు.

కొత్తబాట:
ఫైళ్లకు డేట్_ఆటమ్ పెట్టాను. పేజీలకు ఫార్మాటర్ తీసుకున్నాను కానీ, దాని సిద్ధ రూపాలు కాకుండా రోజు, నెల, సంవత్సరం వరుసను నేనే నమూనాగా రాసి ఇచ్చాను.

పాతకోడు:
సంవత్సరానికి చిన్న వై రాశారా, పెద్ద వైయా?

కొత్తబాట:
పెద్ద వై. ఇప్పుడే మార్చాను.