అప్‌డేట్: నాయన పిక్కల నొప్పి నరాల బలహీనత కాదు

నాలుగు సందులు నడిస్తే మా నాయనకు పిక్కలు పట్టేస్తున్నాయి, ఆగితే తగ్గుతోంది, నరాల బలహీనతేనా అని 2 నెలల కింద అడిగాను. రక్తనాళాలు చూపించమన్న అందరికీ దండాలు.

కర్నూలులోనే చూపించాం. చీలమండ దగ్గర, చేతికి బీపీ తీశారు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.9 లేదా అంతకన్నా తక్కువ వస్తే కాలి ధమనులు పూడుతున్నట్టు లెక్క. నాయనకు 0.7 వచ్చింది. 30 ఏళ్ల బీడీలు, పైగా షుగర్.

అంతకుముందు ఒకచోట నెలల తరబడి బలానికి ఇంజెక్షన్లు వేశారు, జబ్బేమిటో చెప్పనే లేదు. ఆ కోపం నాకింకా పోలేదు. ఈ డాక్టరమ్మ మాత్రం కాగితం మీద బొమ్మ గీసి, "బోరు పైపులో పాచి పట్టినట్టు, పెద్దాయనా. గుండెకు పోయే పైపుల్లోనూ ఇదే పట్టొచ్చు" అంది. మేం ఏళ్లుగా పోట్లాడినా మానని మనిషి, ఆ రోజే బీడీ కట్ట పారేశాడు.

రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గడానికి స్టాటిన్ మాత్రలు వాడుతున్నాడు. నొప్పి బాగా వచ్చేదాకా నడవడం, కూర్చోవడం, తగ్గాక మళ్లీ నడవడం, రోజూ అరగంట పైనే. మొన్న కొండారెడ్డి బురుజు దాకా ఒక్కసారే ఆగి వెళ్లాడు! రక్తం సరిగా అందని కాలికి పుండు పడితే త్వరగా మానదు కాబట్టి పాదాలు రోజూ నేనే చూస్తున్నా. నిన్న మడమ మీద చిన్న పుండు కనిపిస్తే టెన్షన్ పడి వెంటనే తీసుకెళ్లాను. కట్టు కట్టారు, శుక్రవారం మళ్లీ రమ్మన్నారు.