బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లకి ఏ ఇంక్‌జెట్ పేపర్? నలుపు నలుపుగా రావట్లేదు

ప్రశ్న (రాజమండ్రి నుంచి)

అందరికీ నమస్కారం. వరదల రోజుల్లో గోదావరి మీద తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు ఓ డజను ఉన్నాయి. ముసురు, దట్టమైన మబ్బు, రేవులో కట్టేసిన నాటు పడవలు... ఫ్రేములో సగానికి పైగా చీకటే. దసరా సెలవుల్లో మా లైబ్రరీ హాల్లో పెడదామనుకుంటున్నాం. సైజు ఏ3. ప్రింటర్ ఎప్సన్ ఎల్8180, కంపెనీ ఇంకే వాడుతున్నా.

బజార్లో దొరికే పేరూ ఊరూ లేని 230 జీఎస్ఎం గ్లాసీ ప్యాకెట్ తెచ్చి వేశాను. మబ్బులు ఆకుపచ్చగా కొడుతున్నాయి. అదీ పగలు ఒకలా, రాత్రి లైటు కింద ఇంకోలా. షీటేమో అప్పడంలా వంకర తిరిగిపోతోంది. మెరుపు లేని మ్యాట్ పేపర్ వేసి చూడమన్నారని అదీ వేశా. పచ్చదనం తగ్గింది గానీ నలుపు చచ్చిపోయింది. పడవ అడుగూ, దాని కింద నీళ్లూ కలిసి ఒకే బూడిద ముద్ద.

హానెమ్యూలే కంపెనీ ఫోటో రాగ్ పేపర్ కొనేస్తే అన్నీ సర్దుకుంటాయని ఫ్రెండ్ ఒకడు అంటున్నాడు. షీటు ధర చూస్తే చెయ్యి రావట్లేదు. కొనాలా వద్దా?

జవాబు (హైదరాబాద్, ప్రింట్ ల్యాబ్)

కొనకండి. అది గొప్ప పేపరే, 308 జీఎస్ఎం, నూరు శాతం కాటన్. కానీ మీ ప్రింటర్‌కీ, మీ ఫోటోలకీ అది కాదు.

పేపర్ ఎంచుకునే ముందు చూసుకోవాల్సింది ఇంకు. మీ ప్రింటర్లో నలుపులు రెండున్నాయి. ఒకటి పిగ్మెంట్, అది ముఖ్యంగా డాక్యుమెంట్ల కోసం. రెండోది ఫోటో బ్లాక్, డై. దానికి తోడు గ్రే ఒకటి, అదీ డైయే. ఫోటో పేపర్ మీద పని చేసేది ఈ డై బ్యాచే. పిగ్మెంట్ అంటే సన్నటి రేణువులు, పూత పైభాగంలోనే ఆగుతాయి. డై నీళ్లలో కరిగిన రంగు, పూత లోపలికి ఇంకిపోతుంది. కాటన్ రాగ్ పేపర్లు తయారు చేసేది మ్యాట్ బ్లాక్ పిగ్మెంట్‌ని దృష్టిలో పెట్టుకుని. ఎప్సన్ పీ900, కానన్ ప్రో-300 లాంటి వాటిలో ఫోటో బ్లాక్, మ్యాట్ బ్లాక్ విడివిడిగా పెట్టింది అందుకే.

ఇక నలుపు లోతు. దాన్ని డీమ్యాక్స్ అనే అంకెతో కొలుస్తారు. మంచి పిగ్మెంట్ ప్రింటర్‌తో వేసినా కాటన్ మ్యాట్ మీద అది 1.6, 1.7 దగ్గర ఆగిపోతుంది. లస్టర్ (సన్నటి గరుకుతో కొంచెం మెరిసేది), బరైటా (పూత కింద బేరియం సల్ఫేట్ పొర ఉండేది) రకాల మీద 2.2 దాకా, కొన్నిటి మీద అంతకు మించి పోతుంది. చూడ్డానికి చిన్న తేడా. కానీ అది లాగరిథమ్ స్కేలు, 0.3 పెరిగితే కాగితం వెనక్కి విసిరే వెలుతురు సగానికి పడిపోయినట్టు. 1.6కీ 2.2కీ మధ్య నాలుగు రెట్ల తేడా ఉంది. మీ పడవ అడుగు నీళ్లలో కలిసిపోయింది అందుకే. పొగమంచు, ఇసుక తిన్నె, పల్చటి టోన్లున్న ఫోటోలైతే మ్యాట్ అందంగా ఉంటుంది. వరద గోదారికి కాదు.

నా సలహా ఆర్‌సీ (రెజిన్ కోటెడ్) రకంలో లస్టర్ గానీ శాటిన్ గానీ. కాన్సన్ ఇన్ఫినిటీలో ఫోటోశాటిన్ 270, ఫోటోలస్టర్ 310, ఇల్‌ఫర్డ్ గ్యాలరీలో స్మూత్ పెర్ల్ 310, లేదా ఎప్సన్ వాళ్ల సొంత సెమీగ్లాస్, లస్టర్. ఏది సులువుగా దొరికితే అది. వీటిలో వీటికి తేడాలు మీరు అనుకునేంత ఉండవు.

జీఎస్ఎం చూసి మోసపోవద్దు. అది బరువు లెక్క, నలుపుతో దానికి సంబంధం లేదు. మీ 230 గ్లాసీ షీటు వెనక వైపు ఒక నీటి చుక్క వేసి చూడండి. పీల్చేసుకుంటే అది కాస్ట్ కోటెడ్, అంటే మామూలు కాగితానికి ఒక వైపు మెరుపు పూత. చుక్క నిలబడితే ఆర్‌సీ, కాగితానికి రెండు వైపులా పాలిథిన్ పొర ఉంటుంది. ముదురు ఫోటోలో ఇంకు ఎక్కువ పడుతుంది, కాస్ట్ కోటెడ్ షీటు ఆ తడికి ఉబ్బి, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. వంకరకి అదే కారణం.

ప్రశ్న అడిగినవారు

అన్నా, చుక్క వేశాను. రెండు క్షణాల్లో మాయం. మరి ఆకుపచ్చ సంగతి? అది పేపర్ వల్లా, సెట్టింగ్ వల్లా?

జవాబు (బెంగళూరు నుంచి)

రెండూ ఉండొచ్చు. ముందు సెట్టింగ్ చూడండి, దానికి పైసా ఖర్చు లేదు.

ఫోటోషాప్‌లో ప్రొఫైల్ (ఆ పేపర్ మీద ఆ ప్రింటర్ రంగులు ఎలా వేస్తుందో చెప్పే ఫైలు) ఎంచుకుని, ప్రింటర్ డ్రైవర్‌లో కూడా కలర్ కరెక్షన్ ఆన్‌లో ఉంచితే రంగు రెండు సార్లు దిద్దబడుతుంది. బ్లాక్ అండ్ వైట్‌లో అది వెంటనే పచ్చగానో గులాబీగానో బయటపడుతుంది. సాఫ్ట్‌వేర్ చేస్తే డ్రైవర్ నోరు మూసుకోవాలి, డ్రైవర్ చేస్తే సాఫ్ట్‌వేర్ ఊరుకోవాలి. మీ దగ్గర ఆ పేపర్ ప్రొఫైల్ లేదు కాబట్టి డ్రైవర్‌కే వదిలేసి గ్రేస్కేల్ పెట్టి ఒకటి తీయండి.

రెండోది మీడియా టైప్, అంటే డ్రైవర్‌లో ఎంచుకునే పేపర్ రకం. అది ఉత్త పేరు కాదు. ఎంత ఇంకు పోయాలి, ఏ నలుపు వాడాలి అని ప్రింటర్ నిర్ణయించేది దాన్నిబట్టే. లస్టర్ పెట్టి ప్లెయిన్ పేపర్ అని ఎంచుకుంటే ఎంత ఖరీదైన షీటైనా దండగే. వేరే కంపెనీ పేపర్ అయితే ఏ మీడియా టైప్ ఎంచుకోవాలో వాళ్ల సైట్లో ప్రొఫైల్‌తో పాటు రాసి ఉంటుంది. అయితే ప్రొఫైళ్లు ఎక్కువగా పెద్ద పిగ్మెంట్ ప్రింటర్లకే ఇస్తారు, మీలాంటి ఇంకు ట్యాంక్ ప్రింటర్లకి తక్కువ. పేపర్ కొనేముందే మీ మోడల్ ఉందో లేదో చూసుకోండి.

జవాబు (హైదరాబాద్, ప్రింట్ ల్యాబ్)

పగలు ఒకలా రాత్రి ఒకలా అన్నారు కదా, దానికి ఇంకో కారణం కూడా ఉంది. గ్రే కలపడానికి ప్రింటర్ సయాన్, మెజెంటా, పసుపు కూడా కొంచెం కొంచెం వాడుతుంది. ఆ మిశ్రమం ఎండలో తటస్థంగా కనిపించి, ఎల్ఈడీ కింద రంగు కొట్టొచ్చు. పేపర్లో తెల్లదనం కోసం కలిపే బ్రైట్‌నర్లు కూడా అంతే. ఎండలోని యూవీకి అవి నీలంగా వెలిగి కాగితాన్ని మల్లెపూవులా చూపిస్తాయి, యూవీ లేని లైటు కింద చల్లబడిపోతాయి. దొంగనోట్లు పట్టే యూవీ టార్చి ఉంటే చీకట్లో షీటు మీద వేయండి. నీలంగా మెరిసిపోతే బ్రైట్‌నర్లు దండిగా ఉన్నట్టు. అవి కొన్నేళ్లకి శక్తి కోల్పోతాయి, కాగితం పసుపెక్కుతుంది. పదిహేను రోజుల ప్రదర్శనకి అంత బెంగ అక్కర్లేదు గానీ, అమ్ముదామనుకుంటే ఆలోచించండి.

కాబట్టి టెస్ట్ ప్రింట్‌ని ఇంట్లో చూసి తేల్చేయొద్దు. లైబ్రరీ హాల్లో ఏ గోడకి పెడతారో ఆ గోడ దగ్గర, ఆ లైటు కింద చూడండి.

జవాబు (కాకినాడ, డార్క్‌రూమ్ కాలం మనిషి)

అందరూ లస్టర్ లస్టర్ అంటున్నారు. బాబూ, ఒక మాట. లస్టర్ మీద ఆ సన్నటి గరుకు ఉంటుంది చూశావా, పక్క నుంచి లైటు పడితే నల్లటి చోటల్లా చుక్కలు చుక్కలుగా మెరుస్తుంది. పెళ్లి ఆల్బమ్‌కి ఫరవాలేదు. మబ్బుకి, నీళ్లకి నాకు నచ్చదు.

మేం వెండి పూత కాగితాల మీద ప్రింట్లు తీసినప్పుడు పూత కింద బేరియం సల్ఫేట్ పొర ఉండేది. బరైటా అంటే అదే. ఇప్పుడు ఇంక్‌జెట్‌కీ దొరుకుతోంది, హానెమ్యూలే ఫైన్ఆర్ట్ బరైటా 325, కాన్సన్ బరైటా ఫోటోగ్రాఫిక్ 310. నలుపూ దక్కుతుంది, పట్టుకుంటే ప్లాస్టిక్‌లా కాక కాగితంలా ఉంటుంది. డై ఇంకుకి ఇంకో లాభం, పిగ్మెంట్‌లా నలుపు మీద కంచు రంగు మెరుపు రాదు.

ఇంకోటి. బ్లాక్ అండ్ వైట్ అంటే ఉప్పూ బొగ్గే అని ఎవరన్నారు? మన సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ గారి ఆల్బుమిన్ (గుడ్డు తెల్లసొన పూత) ప్రింట్లు చూడు, అన్నీ గోధుమ ఛాయే. కొంచెం వెచ్చగా టోన్ చేసుకుంటే ఆ పచ్చ తేడా కంటికి ఆనదు కూడా.

ప్రశ్న అడిగినవారు

మాస్టారూ, బరైటా మాట నచ్చింది. కానీ డజను షీట్లు, టెస్టులతో కలిపి ఇరవై దాకా కావాలి. బడ్జెట్ సరిపోదేమో.

జవాబు (హైదరాబాద్, ప్రింట్ ల్యాబ్)

మాస్టారు చెప్పింది నిజమే. చేతిలోకి తీసుకుని చూసే ప్రింట్ అయితే నేనూ బరైటాయే అంటాను. కానీ మీరు పటాలు కట్టించి, అద్దం వేసి, గోడకి పెడుతున్నారు. అద్దం వెనక్కి వెళ్లాక అది లస్టరో బరైటానో దూరం నుంచి పోల్చుకోవడం కష్టం. పైగా బరైటా మీద గీత తొందరగా పడుతుంది, వంగితే పూత చిట్లుతుంది. మిగిలిన డబ్బు మంచి మౌంట్ బోర్డు (పటంలో ప్రింట్‌కి పెట్టే మందపాటి అట్ట) మీద పెట్టండి. ఆ గరుకు మెరుపు గురించి మాస్టారి అభ్యంతరం నాకూ కొంత ఉంది, అందుకే లస్టర్ కన్నా శాటిన్ చూడమంటాను, కొంచెం నున్నగా ఉంటుంది.

అసలు ప్రింట్లు తీసే ముందు ఒక స్టెప్ వెడ్జ్ వేయండి. తెలుపు నుంచి నలుపు దాకా ఐదేసి శాతం పెంచుతూ 21 గళ్లు. ఏ4లో సగం చాలు. ముదురు వైపు ఎక్కడ గళ్ల మధ్య గీత మాయమవుతుందో చూడండి. అక్కడి నుంచి కింద ఉన్నదంతా ఆ పేపర్ మీద ఒకే నలుపు. మీ ఫోటోలో పడవ అడుగు ఆ హద్దు లోపల ఉంటే, కర్వ్‌తో (ఫోటోషాప్‌లో టోన్లు దిద్దే టూల్) దాన్ని కొంచెం పైకి తేవాలి. మొత్తం ఫోటోని వెలిగించొద్దు, నీడల కొస మాత్రమే.

జవాబు (విశాఖ నుంచి)

మన తీరం వాళ్లకి తేమ గురించి ఎవరూ చెప్పలేదు. వానాకాలంలో ప్యాకెట్ విప్పి ట్రేలో వదిలేస్తే షీటు తేమ లాగేస్తుంది, ఇంకు అంచులు పాకుతాయి. కావలసినన్ని తీసి మిగతావి అదే కవర్లో, సిలికా జెల్ పొట్లంతో మూసేయండి.

ప్రింట్ అయ్యాక వెంటనే అద్దం వేయించొద్దు. పైకి ఆరినట్టే ఉంటుంది గానీ ఇంకులో నెమ్మదిగా ఆరే గ్లైకాల్ ఇంకా బయటికి వస్తుంటుంది, తర్వాత అద్దం లోపల మసక పడుతుంది. ప్రింట్ మీద మామూలు తెల్ల కాగితం పరిచి ఒక రోజు ఉంచండి. ఆ కాగితం అలలు తిరిగితే ఇంకోటి మార్చండి.

ఏ వైపు ప్రింట్ చేయాలో మ్యాట్ షీట్లలో అర్థం కాకపోతే, మూల దగ్గర తడి వేలితో తాకండి. పూత ఉన్న వైపు వేలికి కాస్త అంటుతుంది. కాటన్ పేపర్ ఎప్పుడైనా వాడితే మెత్తటి బ్రష్‌తో దులిపి పెట్టండి. దూది పోగు ఒకటి పైన ఉండి దాని మీద ఇంకు పడితే, అది రాలాక నల్లటి మబ్బులో తెల్లటి చుక్క మిగులుతుంది.

ప్రశ్న అడిగినవారు

శాటిన్ 270 ఏ4 ప్యాకెట్ తెప్పించాను. సెమీగ్లాస్ మీడియా టైప్, గ్రేస్కేల్, సాఫ్ట్‌వేర్ వైపు కలర్ మేనేజ్‌మెంట్ ఆపేశాను. పచ్చదనం దాదాపు పోయింది, హాల్లో లైటు కింద కూడా. వెడ్జ్‌లో 95కీ 100కీ తేడా కనబడట్లేదు, 90 మాత్రం విడిగా తెలుస్తోంది. బజారు మ్యాట్ మీద ఇదే వెడ్జ్ వేస్తే 85 దగ్గరే కలిసిపోయింది. ఏ3 ఆర్డర్ పెట్టేయనా?

జవాబు (హైదరాబాద్, ప్రింట్ ల్యాబ్)

పెట్టేయండి. చివరి గడి కలిసిపోవడం మామూలే. పడవ అడుగుని 85, 90 మధ్యకి, నీళ్లని 80 దగ్గరికి తెచ్చుకుంటే రెండూ విడిపోతాయి. ఏ4 మీద వచ్చిన కర్వ్‌నే ఏ3కి వాడండి, మీడియా టైప్, క్వాలిటీ మాత్రం మార్చొద్దు. ఒక్క మెట్టు మార్చినా ఇంకు లెక్క మారిపోతుంది.

పటం కట్టేవాళ్లతో ముందే చెప్పండి, అద్దం ప్రింట్‌కి తగలకూడదని. మధ్యలో మౌంట్ బోర్డు కిటికీ ఉండాలి. తగిలితే తేమకి శాటిన్ అద్దానికి అతుక్కుంటుంది, ఊడదీస్తే పూత కూడా వచ్చేస్తుంది. బోర్డు యాసిడ్ ఫ్రీ అడగండి. డై ప్రింట్‌ని గాలికి వదిలేస్తే ఓజోన్‌కి తొందరగా వెలిసిపోతుంది కాబట్టి అద్దం ఎలాగూ కావాలి. కిటికీ ఎండ నేరుగా పడే గోడ మాత్రం వద్దు.

ప్రశ్న అడిగినవారు

థాంక్స్ అన్నా, మాస్టారూ, అందరికీ. ఆఖరి సందేహం. ప్రింట్ వెనక పేరు, తేదీ రాయొచ్చా?

జవాబు (కాకినాడ, డార్క్‌రూమ్ కాలం మనిషి)

ఆర్‌సీ వెనక పెన్సిల్ సరిగా పట్టదు. బాల్‌పెన్నుతో ఒత్తి రాస్తే అక్షరం ముందు వైపు పొంగుతుంది. మార్కర్ ఆరకుండా దొంతి పెడితే కింది ప్రింట్‌కి అంటుకుంటుంది. మౌంట్ బోర్డు వెనక పెన్సిల్‌తో రాయి బాబూ, దాని మీద ఏ పేపర్, ఏ మీడియా టైప్ వాడావో కూడా రాసుకో. వచ్చే వరదలకి మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.