చిన్నప్పటి బిడియం టీనేజీలో సోషల్ యాంగ్జైటీ అవుతుందా?

ప్రశ్న: కొత్తవాళ్ళు కనబడితే అమ్మ కొంగు వదలని రెండేళ్ళ పిల్లలు టీనేజీలో సోషల్ యాంగ్జైటీతో (నలుగురిలో మెలగాలంటే విపరీతమైన భయం) క్లాసులో నోరు విప్పలేని స్థితికి వస్తారా? "పెద్దయితే అదే పోతుంది" అని వదిలేయొచ్చా?

జవాబు 1: ముప్పు ఎక్కువే, కానీ రాసిపెట్టినట్టు కాదు. హార్వర్డ్‌లో సైకాలజిస్టు జెరోమ్ కేగన్ బృందం రెండో ఏట చూసిన పిల్లల్ని 13 ఏళ్ళప్పుడు మళ్ళీ పరిశీలించి 1999లో ఫలితాలు ప్రచురించింది. బెరుకు పిల్లల్లో 61 శాతం మందికి సోషల్ యాంగ్జైటీ లక్షణాలున్నాయి, జంకు లేనివాళ్ళలో 27 శాతం మందికి. లక్షణాలుంటే జబ్బు ఉన్నట్టు కాదు.

జవాబు 2: బెరుకును పెంచేది తప్పించుకోవడమే. ఇంటికొచ్చిన చుట్టం "నీ పేరేంటమ్మా?" అంటారు. పాప బిగుసుకుపోతుంది, తల్లి వెంటనే తనే చెప్పేస్తుంది. ఆ క్షణానికి భయం తగ్గుతుంది, మరుసటిసారికి ఇంకాస్త బలపడుతుంది. ఐదు సెకన్లు ఆగండి. అయినా పలకకపోతే "పాలు కావాలా, బిస్కెట్ కావాలా?" లాంటి ఒక్క మాట జవాబు చాలే ప్రశ్న వేయించండి. వారం పది రోజులు దుకాణంలో డబ్బులు మాత్రం తనచేత ఇప్పించి, తర్వాత "చాక్లెట్ ఇవ్వండి" అనిపించండి. ఒక మెట్టు కుదురుకున్నాకే పై మెట్టు. ఒక్కసారే పదిమంది ముందు పద్యం చెప్పమని నిలబెడితే మొదటికే మోసం. పిల్ల వింటుండగా "దీనికి సిగ్గండీ" అనడం దయచేసి మానండి.

జవాబు 3: పైది సరే, ఒక్కటి చేరుస్తాను. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల బడిలో నెల దాటినా నోరు విప్పకపోతే (చేరిన మొదటి నెల లెక్కలోకి రాదు) అది ఉత్త బిడియం కాకపోవచ్చు, సెలెక్టివ్ మ్యూటిజం (మాటలొచ్చినా కొన్నిచోట్ల ఆందోళనతో నోరు పెగలని సమస్య) అవునేమో చూపించాలి. టీనేజీలో భయం ఆరు నెలలు దాటి, బడి ఎగ్గొట్టేదాకా వస్తే క్లినికల్ సైకాలజిస్టు దగ్గర సీబీటీ (భయం పుట్టించే ఆలోచనల్ని, అలవాట్లని మార్చే మాటల చికిత్స) మొదలుపెట్టండి.