స్ప్రింగ్ ఎయిర్‌గన్‌కి 6-24 స్కోపా, 3-9 చాలా?

మారతహళ్లి177: ఇక్కడ బెంగళూరు క్లబ్బులో ఒకాయన 3-9×40 (3 నుంచి 9 రెట్ల జూమ్, 40 మిల్లీమీటర్ల ముందు గాజు) స్కోపు చాలన్నారు. నేనేమో 6-24×50 మీద మనసు పడ్డాను. .177 స్ప్రింగ్ గన్, 10 నుంచి 25 మీటర్లు, కాగితం టార్గెట్లే, నిలబడి కొడతాను. డబ్బుంటే పెద్దది కొంటే నష్టమేంటి?

కేఆర్‌పురం బాబాయ్: నష్టం ఉంది తమ్ముడూ. నిలబడి 24 పెట్టి చూడు, నీ గుండె కొట్టుకోవడం కూడా రెటికిల్ (స్కోపులోని గురి గీతలు) మీద కనిపిస్తుంది. పైగా కొన్ని పెద్ద స్కోపులకి ఫోకస్ 50 గజాల లోపలికి దిగదు, 10 మీటర్ల దగ్గర అంతా మసకే. ఏఓ రింగు (దూరాన్ని బట్టి ఫోకస్ సరిచేసేది) ఉండి 10 గజాల దాకా దిగే 3-9 తీసుకో. మిగిలిన డబ్బు మౌంటు (స్కోపుని గన్ రైలుకి పట్టి ఉంచే రింగులు) మీద పెట్టు. స్ప్రింగ్ గన్ రెండు వైపులా తంతుంది. పిస్టన్ ముందుకు పోతుంటే వెనక్కి, అది చివర గుద్దుకోగానే ముందుకి. ఆ రెండో తన్నుకే మౌంటు వెనక్కి జారుతుంది, మామూలు రైఫిల్ కోసం చేసిన స్కోపులు లోపల పాడయ్యేదీ దానికే. నా మొదటి స్కోపుకి వెనక రింగు పక్కనే రైలు మీద పెన్సిల్‌తో గీత పెట్టాను. సగం డబ్బా పెల్లెట్లు అయ్యేసరికి గీత రింగు కింద మాయం! అప్పటికి నెల రోజులుగా టరెట్ (గురి సరిచేసే మర) తిప్పుకుంటూ స్కోపుని తిడుతున్నాను.

హోసూర్‌రోడ్ పీసీపీ: ఫీల్డ్ టార్గెట్ (దూరం చెప్పని బొమ్మల్ని కొట్టే పోటీ) వాళ్లు 40, 50 రెట్ల జూమ్ కూడా పెట్టుకుంటారు. వాళ్లేమైనా పిచ్చోళ్లా బాబాయ్?

కేఆర్‌పురం బాబాయ్: కాదు. జూమ్ పెరిగేకొద్దీ ఫోకస్ పట్టు సన్నబడుతుంది. చక్రం తిప్పి, బొమ్మ ఎక్కడ తేటపడిందో చూసి దూరం చదువుకుంటారు. అదీ కూర్చుని, ఎక్కువగా నీ దగ్గరున్నలాంటి, ముందే నింపిన గాలితో పేలే, తన్నని పీసీపీ గన్లతో. ఇతనికి దూరం ముందే తెలుసు కదా.

జయనగర్ డయాప్టర్: అసలు స్కోపే దండగ. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం కొట్టింది డయాప్టర్‌తోనే (చిన్న బొక్కలోంచి గురి చూసేది, గాజు జూమ్ ఉండదు). ఒలింపిక్ 10 మీటర్లలో స్కోపు పెట్టనివ్వరు కూడా.

కేఆర్‌పురం బాబాయ్: పోటీకెళ్తే మీ మాటే రైటండీ. నాకు చత్వారం. స్కోపులో గుర్తూ టార్గెట్టూ రెండూ తేటగా కనిపిస్తాయి, ఆ సుఖం మీకింకా అవసరం పడినట్టు లేదు.

మారతహళ్లి177: సరే, 3-9. కానీ మౌంటు జారకుండా ఆపే స్టాపర్ పిన్ను దించడానికి నా గన్ రైలు మీద బొక్కే లేదు. ఇంకోటి, అరువు స్కోపు పెట్టి టరెట్ నాలుగు క్లిక్కులు తిప్పితే గుండు కదల్లేదు.

కేఆర్‌పురం బాబాయ్: వెనక రింగుకి ఆనేట్టు విడిగా స్టాప్ బ్లాక్ బిగించు. పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) క్లిక్కు 100 గజాల దగ్గర 7 మిల్లీమీటర్లు జరుపుతుంది, 10 మీటర్లకి ముప్పావు మిల్లీమీటరు కూడా ఉండదు. సెంటీమీటరు జరగాలంటే 14 క్లిక్కులు. నాలుగుకి 3 మిల్లీమీటర్లు, నీ గుళ్లు పడే గుంపే అంతకంటే వెడల్పుంటుంది, కోపం తెచ్చుకోకు.