పాత కారుకి తక్కువ ఖర్చులో కాస్త ఊపు తేవడం ఎలా?

నాది 14 ఏళ్ల పెట్రోల్ కారు, 1.2 లీటర్ ఇంజిన్, టర్బో లేదు. రోజూ ఆఫీసుకి దాంట్లోనే వెళ్తాను. ఏసీ వేసి ఎత్తు ఎక్కితే మూడో గేర్‌లో లాగదు, రెండుకి దించాల్సిందే. మొన్న స్పార్క్ ప్లగ్‌లు విప్పి చూస్తే కొసలు అరిగిపోయి, గ్యాప్ బాగా పెరిగి ఉంది. అవీ, ఎయిర్ ఫిల్టరూ మార్చాక ఐడిలింగ్‌లో వణుకు పోయింది కానీ, ఎత్తు మీద మాత్రం అదే కథ.

ఈసీయూ (ఇంజిన్‌ని కంట్రోల్ చేసే కంప్యూటర్) రీమ్యాప్ చేయించమని, అంటే దాని సాఫ్ట్‌వేర్ సెట్టింగ్‌లు మార్పించమని మెకానిక్ అంటున్నారు. టర్బో లేని ఇంజిన్‌కి దాంతో పెరిగే పవర్ చాలా తక్కువ కదా, డబ్బు దండగేమోనని టెన్షన్. అంతకన్నా ముందు కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి), క్లచ్ చెక్ చేయించి, ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ క్లీన్ చేయించడం మేలా? లేక మంచి టైర్లు, బ్రేక్ ప్యాడ్‌లు వేయించనా? ఈ బండంటే నాకు ప్రాణం, అమ్మే ఆలోచనే లేదు. పాత కారుకి ఇలాంటి పనులు చేయించినవాళ్లుంటే, దేంతో మొదలుపెట్టాలో దయచేసి చెప్పండి.